అప్‌డేట్: బాబు పగటిపూట నిక్కరు తడుపుకోవడానికి కారణం మలబద్ధకమే

ఆరేళ్ల మా బాబు మూత్రపరీక్షలో ఇన్‌ఫెక్షన్ ఏమీ లేకపోయినా బడిలో నిక్కరు తడుపుకుంటున్నాడని లోగడ అడిగాను. పిల్లల వైద్యురాలు పొట్ట నొక్కి చూసి, ఎడమవైపు గట్టిపడిన మలం చేతికి తగులుతోందన్నారు. పురీషనాళం (పెద్దపేగు చివరి భాగం) మూత్రాశయానికి వెనకే ఉంటుంది కనుక, అందులో మలం పేరుకుని ఉబ్బితే మూత్రాశయం నిండేందుకు చోటు తగ్గి, ఉన్నట్టుండి ఆపుకోలేనంత ఒత్తిడి వస్తుందనీ, ఒక్కోసారి మూత్రం పూర్తిగా బయటికి పోక, అలా మిగిలినదే ఇన్‌ఫెక్షన్‌కు దారితీయవచ్చనీ వివరించారు. రోజూ విరేచనం అవుతున్నా లోపల మలం నిల్వ ఉండవచ్చట; తల్లిదండ్రులందరూ తెలుసుకోవలసిన మాట ఇది. ఆమె రాసిన, మలాన్ని మెత్తబరిచే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడిని నీళ్లలో కలిపి ఇస్తున్నాం, భోజనమయ్యాక పాదాల కింద పీట వేసి కమోడ్ మీద కూర్చోబెడుతున్నాం. ఇప్పుడు బడిలో తడపడం లేదు, రాత్రిళ్లు మాత్రం ఇంకా ఉంది. సాగిన పేగు కుదుటపడటానికి నెలలు పడుతుంది కనుక మందు మధ్యలో ఆపవద్దన్నారు.