డెబియన్ గురించి వ్యాపారులకు ఎలా చెప్పాలి?

విజయవాడలో చిన్న సంస్థల కంప్యూటర్ల బాగోగులు చూస్తుంటాను. 2025 అక్టోబరులో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. నిక్షేపంగా పనిచేసే యంత్రాలను తుక్కుకు వేయడమెందుకని, విండోస్ బదులు వాడుకోగల లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్‌ను సూచిస్తున్నాను. 1993 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలే నడుపుతున్నారు, ఒక్కో విడుదలకు మొత్తం ఐదేళ్లపాటు భద్రతా సవరణలు అందుతాయి, లైసెన్సు రుసుము లేదు.

ఆ చివరి మాటే కొంప ముంచుతోంది! ‘ఊరికే ఇస్తున్నారంటే ఏదో మతలబు ఉంటుంది’ అంటారు. ఒక ఎరువుల వ్యాపారి అయితే, చెడిపోతే బాధ్యత తీసుకుంటామని సంతకం పెట్టే కంపెనీ ఏదని అడిగారు. డబ్బు తీసుకుని సేవలందించే సలహాదారుల జాబితా డెబియన్ వెబ్‌సైట్‌లోనే ఉంది, చూపించాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని చదివారు గానీ మెత్తబడలేదు. ఇంతలో గుమాస్తా ‘మరి ట్యాలీ?’ అన్నారు. ఆ లెక్కల సాఫ్ట్‌వేర్ విండోస్ కోసం తయారైనది. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌పై నడిపే వైన్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి నడిపిస్తే, జీఎస్టీ గడువు రోజునే మొరాయిస్తుందని నా భయం. అందుకే లెక్కల యంత్రాన్ని కదిలించకుండా మిగతావి మార్చుదామంటున్నాను.

మీలో ఎవరైనా ఇలాంటివారిని ఒప్పించారా? ముందు ఏ యంత్రం మార్చారు? నిర్వహణ ఒప్పందం మీ పేరుతోనే రాసిచ్చారా? అందులో ఏయే బాధ్యతలు ఒప్పుకున్నారు? వ్యాపారి చేతిలో పెట్టదగ్గ తెలుగు కరపత్రం ఉంటే దయచేసి పంచుకోండి.