సమస్యాపూరణం: "నీరు పోయ మొక్క నేలఁ గూలె"

నిర్వాహకుడు, విజయనగరం:
ఈ వారం సమస్య (పైన ఇచ్చిన పాదం) ఆటవెలది పద్యానికి నాలుగవ పాదం; మొదటి మూడు పాదాలు రాసి దీనిని పూరించాలి. పెరటి కలబందను వస్తువుగా తీసుకుని, నీరు పోస్తే బతకవలసిన మొక్క ఎందుకు కూలిందో పద్యంలోనే సమర్థించవలసిందిగా కోరుతున్నాను.

ఆమదాలవలస సభ్యుడు:
కారుమబ్బు వేళఁ గలబంద కుండీకి
దినము దినము బిందె తెచ్చి వంచ
వేరు కుళ్ళి యాకు వెలవెలబోయెను
నీరు పోయ మొక్క నేలఁ గూలె.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా శ్రీకాకుళం జిల్లాను ముంచెత్తిన నాళ్ళలో, అడుగున చిల్లు లేని ప్లాస్టిక్ బకెట్టులో ఉన్న మా కలబందకు, ముసురు పట్టినా అలవాటు కొద్దీ నీరు పోస్తూనే ఉన్నాను. ఒక ఉదయం పట్టుకోగానే ఆకు మొదలంటా ఊడి చేతికి వచ్చింది. మొదట్లో గోధుమరంగు జిగురు, కుళ్ళు వాసన. ఆ బాధే ఈ పద్యం.

నిర్వాహకుడు:
మాస్టారూ, యతులన్నీ (పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ ఉండవలసిన పొత్తు) కుదిరాయి. "కుండీకి" వాడుక రూపమని, "పాదున" అని మార్చమనబోయి ఆగాను. పాదులో పోసిన బిందెడు నీరు భూమిలోకి ఇంకిపోతుంది కనుక, మొక్క చావాలంటే కుండీయే కావాలి. "కారుమబ్బు వేళ" ఈ పూరణకు ప్రాణం. కలబంద పగలు ఆకురంధ్రాలను మూసుకుని రాత్రివేళ తెరుస్తుంది కాబట్టి అది ఖర్చుపెట్టే నీరే తక్కువ; మబ్బు రోజుల్లో మన్ను కూడా ఆరదు. అటువంటప్పుడు బిందె వంచితే వేళ్ళకు గాలి అందదు.

బొబ్బిలి సభ్యురాలు:
గుమ్మమందుఁ దాడు గూర్చి వేలాడంగ
మన్ను లేక యాకు మాడిపోవ
చివర కెండ ముదిరి జిగురు తా నింకఁగ
నీరు పోయ మొక్క నేలఁ గూలె.

దిష్టికి కట్టిన మా కలబంద, వేళ్ళు పైకి ఉన్నా నెలల తరబడి పచ్చగానే ఉంది. లోపలి నీరు పోయాకనే రాలిందని నా భావం.

నిర్వాహకుడు:
అమ్మా, మీ పరిశీలన నిజం. ఆకులోని జిగురే ఆ మొక్క దాచుకున్న నీరు. అయితే పోవు ధాతువుకు "పోవ" అని రావాలి. "పోయ" అన్నది పోయు ధాతువుకే చెల్లుతుంది కనుక, ఈ పూరణను అంగీకరించలేను.

బొబ్బిలి సభ్యురాలు:
అలాగైతే మూడవ పాదాన్ని "చివికినట్టి తాటి (తాడు యొక్క) చివరను జాలితో" అని మారుస్తున్నానండి.

నిర్వాహకుడు:
చాలా బాగుంది! తడిసిన పాత తాడు తెగి మొక్క నిజంగానే నేల మీద పడింది. దానిని పారవేయకండి, ఎండిన వేళ్ళను కోసి, కోసిన చోటు నీడలో రెండు మూడు రోజులు ఆరాక నాటండి. నా పూరణ ఇది:

ఇసుక సగము గలిపి యెండలోఁ బెట్టుచు
నడుగు చిల్లు తెఱచి, యంత మన్ను
రెండు వేళ్ళ మేర యెండఁగా నెవరింట
నీరు పోయ మొక్క నేలఁ గూలె?

మూడవ పాదంలో రెండు, ఎండ అనే మాటలకు ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండవ అక్షరాలను కలపడం) వేశాను.

ఆమదాలవలస సభ్యుడు:
ప్రశ్నగా తిప్పడం నాకు తోచలేదు. ఆ బకెట్టు ఇంకా పెరట్లోనే ఉంది. ఈ రోజు మేకు కాల్చి దాని అడుగున నాలుగు చిల్లులు వేసి, నాగావళి ఇసుక కలిపిన మన్ను నింపి, పక్కింటివారిచ్చిన పిలకను పాతాను. నీరు ఇంకా పోయలేదు.