జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ)లో మెంటార్ దొరకాలంటే ఎవరిని కలవాలి?

ప్రశ్న: ఆంధ్ర యూనివర్సిటీలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ పీజీ చేస్తున్నాను. నగరపాలనలో దారి చూపే అధికారి కావాలి. నేరుగా కమిషనర్ పేషీకి వెళ్లొచ్చా అండీ?

జవాబు 1: వద్దండీ, కాగితం అక్కడే ఆగిపోతుంది. వార్డు సచివాలయంతో మొదలుపెట్టండి. ప్లానింగ్, శానిటేషన్, అమెనిటీస్ (వసతులు)కి వేర్వేరు కార్యదర్శులుంటారు. మీకు ఏ విభాగం కావాలో ముందే తేల్చుకోండి. ఆ తర్వాత జోనల్ కమిషనర్‌కి ఒక పేజీ లేఖ, దానికి బోనఫైడ్, హెచ్‌ఓడీ సిఫారసు జతచేయండి. ఇన్‌వార్డు నంబరు (లేఖ అందినట్టు వేసే నంబరు) తీసుకోకుండా మాత్రం బయటికి రావద్దు. అది లేకపోతే ఫైలు ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు.

జవాబు 2: సోమవారం వెళ్లకండి, అర్జీల రోజు. "మెంటార్‌గా ఉండండి సార్" అంటే జంకుతారు. పావుగంట అడిగి, ఆస్తిపన్ను డిమాండ్ ఎలా లెక్కకడతారు లాంటి మూడు ప్రశ్నలు పట్టుకెళ్లండి. ఉద్యోగం మాట ఎత్తొద్దు.

జవాబు 3: తులిప్ పోర్టల్ కూడా చూడండి. నగర సంస్థల్లో ఇంటర్న్‌షిప్‌ల కోసం 2020లో కేంద్రం పెట్టింది. డిగ్రీ అయ్యాక ఎన్నాళ్ల వరకు అర్హతో ప్రకటనలో చదువుకోండి, చాలామంది అక్కడే తప్పిపోతారు.