శిలాఫలకం మీద ఏ సంవత్సరం చెక్కించాలి? శ్రీకాకుళం బాప్తిస్టు సంఘ ఆరంభంపై చర్చ

నాగావళి గట్టు:

అందరికీ వందనాలు. మా పట్టణ బాప్తిస్టు సంఘపు గుడి గోడలో ఉన్న పాత ఫలకం ఏటేటా వేసిన సున్నంతో పూడిపోయి, వేలితో తడిమితే తప్ప అక్షరం తెలియని స్థితికి వచ్చింది. కొత్తదానికి నల్లరాయి కూడా తెప్పించాము గాని, "స్థాపితం" అన్న మాట పక్కన ఏ సంవత్సరం చెక్కించాలన్న దగ్గర కమిటీలో మాట కుదరక పని ఆగిపోయింది. కొందరు పెద్దలు అమెరికా బాప్తిస్టు మిషనరీ శామ్యూల్ డే దొర చికాకోలులో (మన శ్రీకాకుళానికి నాటి పేరు) మకాం చేసిన 1836 అంటున్నారు. కొందరు 1840లలో లండన్ మిషన్ వారు ఇక్కడ పని మొదలుపెట్టిన నాటి నుంచి లెక్క కట్టాలంటున్నారు. ఎక్కువమంది కెనడా బాప్తిస్టు దొరలు మిషన్ స్టేషన్, అంటే మిషనరీ కాపురముండి పనిచేసే కేంద్రం, పెట్టిన 1870ల చివరి సంవత్సరాలనే ఒప్పుకుంటున్నారు. అయితే వారిలోనూ దొర వచ్చి దిగిన రోజు లెక్కా, బంగళా స్థలం కొన్న రోజు లెక్కా, మొదటి బాప్తిస్మం జరిగిన రోజు లెక్కా అన్న తగవు తెగలేదు.

నా మటుకు నాకు వీటిలో ఏదీ సరికాదనిపిస్తుంది. బాప్తిస్మం పొందినవారు ఒకచోట కూడి, ఇకమీదట మేము ఒక సంఘమని ఒడంబడిక చేసుకుని, కలిసి ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే సంస్కారంలో) పాలుపొందిన రోజే సంఘం పుట్టిన రోజు. దీనితో ఏకీభవించనివారు ఎందుకో కాస్త వివరంగా రాయగలరు.

టెక్కలి మాస్టారు:

నేను 1836 పక్షం వాడిని, ఎందుకో చెబుతాను. ఒరిస్సాలో ఇంగ్లీషు జనరల్ బాప్తిస్టుల తరఫున పనిచేస్తున్న ఆమోస్ సట్టన్ 1835లో అమెరికాలోని రిచ్‌మండ్‌లో జరిగిన బాప్తిస్టు మహాసభకు వెళ్ళి, తన పొలిమేరకు దక్షిణాన ఉన్న తెలుగువారి మధ్యకు మిషనరీలను పంపమని అర్థించాడు. ఆ పొలిమేర అంటే మన ప్రాంతమే గదా. ఆ ఏడాదే డే దంపతులు ఓడ ఎక్కి, 1836లో కలకత్తా మీదుగా విశాఖపట్నం చేరి, ఆ తరువాత కొంతకాలం చికాకోలులో ఉన్నారు. 1837లో మద్రాసుకు, 1840లో నెల్లూరుకు వెళ్ళడంతో ఆ పేరంతా నెల్లూరుకు దక్కింది. అక్కడివారు తమ చరిత్రను డే దొరతో ఘనంగా మొదలుపెట్టుకుంటారు. తెలుగువారి కోసం బయలుదేరిన మొదటి బాప్తిస్టు మిషనరీ మన ఊరిలో ఉండగా, మనమే ఆ సంగతిని మూలకు నెట్టుకోవడం ఏమి న్యాయం? అమెరికా వారి తరఫున వచ్చినా డే పుట్టింది ఇప్పటి కెనడాలోని ఒంటారియోలో అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

పాత రిజిస్టరు:

మాస్టారు గారూ, మీరు చెప్పిన విషయాలలో దేనినీ నేను కాదనను. కాని అడుగు పడడం వేరు, పాదు కట్టడం వేరు. డే దొర వెళ్ళిపోయిన తరువాత ఈ ఊరిలో ప్రతి ఆదివారం కూడుకున్న బాప్తిస్టు విశ్వాసులు ఎవరు? వారిని ఎవరు మేపారు, వారిలో తప్పు చేసినవారిని ఎవరు పిలిచి అడిగారు, వారి పిల్లలకు పెళ్ళిళ్ళు ఎవరు చేశారు? ఆ నలభై ఏళ్ళ ఖాళీకి జవాబు లేనప్పుడు దానిని స్థాపన అనలేము.

ఇక్కడ మన సిద్ధాంతాన్ని ఒకసారి తలచుకోవాలి. బిషప్పుల అధికారం ఉన్న సంఘాలలో బిషప్పు వచ్చి గుడిని ప్రతిష్ఠించిన తేదీ ఒకటి ఉంటుంది, దానిని పట్టుకుంటే సరిపోతుంది. బాప్తిస్టులకు బిషప్పు లేడు. పైన ఉన్న బోర్డు గాని మిషన్ గాని సంఘాన్ని పుట్టించలేదు, సహాయం మాత్రమే చేయగలదు. తన విశ్వాసాన్ని తన నోటితో ఒప్పుకుని, నీటిలో ముంచబడి, తోటివారితో ఒడంబడికలో చేరినవారే సంఘం. కాపరిని పిలుచుకునేదీ, డీకన్లను (సంఘ పరిచారకులను) ఎన్నుకునేదీ, క్రమశిక్షణ జరిపేదీ ఆ సభ్యులే. మిషన్ బంగళా కట్టిన సంవత్సరాన్ని సంఘ స్థాపన సంవత్సరంగా రాసుకోవడమంటే మన మూలసూత్రాన్ని మనమే కాదనుకోవడం. నిజానికి ఇటువంటి ఫలకాలు చాలాచోట్ల ఆ తప్పుతోనే ఉన్నాయి, ఎందుకంటే బంగళాకు దస్తావేజు ఉంటుంది, ఒడంబడికకు ఉండేది కూడికల సంగతులు రాసే మినిట్సు పుస్తకంలో నాలుగు పంక్తులు మాత్రమే.

విజయనగరం వాసి:

మీరు లండన్ మిషన్‌ను ఒక్క వాక్యంతో దాటేశారు గనుక రాస్తున్నాను. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. ఆ కొద్ది ఏళ్ళలోనే బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చిన ఆనందరాయరు సహాయంతో సువార్తలను తెలుగు చేశారు. వాటిలో మూడు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. అదే మిషన్‌కు చెందిన ప్రిచెట్ పూర్తిచేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. కెనడా దొరలు చికాకోలు బజారులో నిలబడి చదివే నాటికి తెలుగులో గ్రంథం సిద్ధంగా ఉండడానికి, ఆ మాటలు ఈ ప్రాంతపు చెవులకు కొత్త కాకుండా ఉండడానికి కారణం ఆ పనే. విజయనగరంలో కూడా వారి శాఖ బాప్తిస్టుల కంటే ముందుది. వారు పసిపిల్లలకు నీళ్ళు చిలకరించారన్న ఒక్క కారణంతో మూడు తరాల శ్రమను చరిత్రకు ముందుమాటగా కూడా ఒప్పుకోబోమంటే అది కృతజ్ఞత లేని చరిత్ర అవుతుంది.

పాత రిజిస్టరు:

కృతజ్ఞత ఉండవలసిందే, నాకూ ఉంది. అయితే పసిపిల్లల బాప్తిస్మం "ఒక్క కారణం" కాదు, బాప్తిస్టులు వేరుగా ఉండడానికి అదే కారణం. లండన్ మిషన్ సభ్యుడొకరు బాప్తిస్టు సంఘంలో చేరదలచినప్పుడు మళ్ళీ ముంచబడి చేరవలసి వచ్చిందంటే, ఆ రెండూ ఒకే సంఘమని ఎలా అనగలం? వారి పేరు గుడి చరిత్ర పుస్తకంలో మొదటి అధ్యాయంగా ఉండాలి. రాయి మీద "స్థాపితం" అన్న మాట పక్కన ఉండకూడదు.

బొబ్బిలి కోడలు:

అన్నయ్యగార్లందరికీ వందనాలు. ఇంతవరకు రాసినవన్నీ మగవారి పేర్లే. కెనడా దొరలు అంటున్నారు గాని, ఆ మిషన్‌కు ముందు నడిచినది స్త్రీల సొమ్ము. కెనడాలోని నోవాస్కోషియాలో కాన్సో అనే చిన్న రేవు ఊరిలో హన్నా మరియా నార్వుడ్ అనే యువతి 1870లో స్త్రీల మిషనరీ సహాయ సంఘాన్ని పెట్టించింది. అలాంటి సంఘాలు అక్కడి ఊరూరా లేచి, చిల్లర డబ్బులు కూడబెట్టి ఆమెను బర్మాకు పంపాయి. తరువాత ఆమె ఆర్మ్‌స్ట్రాంగ్ దొరను పెళ్ళాడి, ఆయనతో కలిసి చికాకోలు వచ్చింది. ఫలకం మీద "ఆర్మ్‌స్ట్రాంగ్" అని చెక్కితే చదివేవారు దొరగారినే అనుకుంటారు. ఆమె ఆయన భార్య కాకముందే మిషనరీ అని ఎవరికి తెలుస్తుంది?

మా అత్తవారి ఊరి సంగతీ అంతే. చర్చిల్ దొర 1879లో బొబ్బిలిలో స్టేషన్ పెట్టారని అందరూ చెబుతారు. మటిల్డా చర్చిల్ దొరసాని అక్కడ ఆడపిల్లల బడి నడిపారని చెప్పేవారు తక్కువ. ఆ రోజులలో గడప దాటి బయటికి రాని స్త్రీల దగ్గరకు దొర వెళ్ళలేడు, ఉపదేశకుడూ వెళ్ళలేడు. దొరసాని, ఆమె వెంట సంచీలో కీర్తనల పుస్తకంతో నడిచే బైబిలు స్త్రీ మాత్రమే పెరటి గుమ్మం దాకా వెళ్ళగలిగేవారు. మా ముత్తవ్వ అలా విన్నదే, ఊరికి తెలియకుండా చాలా ఏళ్ళు విన్నది, బాప్తిస్మం మాత్రం భర్త పోయిన తరువాతనే తీసుకున్నది. పాత రిజిస్టరు గారి లెక్క ప్రకారం ఆమె అన్నేళ్ళూ సంఘం బయట ఉన్నట్టే. సిద్ధాంతం ప్రకారం అది నిజమే కావచ్చు, కాని ఆ లెక్కతో స్త్రీల చరిత్ర ఎప్పుడూ ఆలస్యంగానే మొదలవుతుంది.

రంగూన్ మనవడు:

అమ్మా, మీరు ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతుల పేరు ఎత్తారు గనుక ఒక మాట. వారు ఆ తరువాత ఇక్కడ ఉండలేదు. రంగూను వెళ్ళి అక్కడి తెలుగువారి మధ్య, తమిళుల మధ్య పనిచేశారు. చికాకోలును చాలాకాలం చూసుకున్నది ఆర్చిబాల్డ్ దంపతులు. రంగూను రేవులో, బియ్యపు మిల్లులలో పనికి పోయిన కూలీలలో మన గంజాం, విశాఖ జిల్లాల వారు ఎంతమందో చెప్పనక్కరలేదు, ఈ తీరంలో బర్మా సొమ్ముతో కట్టిన పెంకుటిల్లు లేని ఊరు తక్కువ.

మా తాతగారు సంఘ లేఖకులుగా ఉన్నప్పటి సభ్యుల పుస్తకం ఒకటి మా ఇంటిలో ఉండేది. పొడవాటి పద్దుల పుస్తకం, కలంకారీ గుడ్డతో అట్ట వేసినది. వరుసగా గళ్ళు: పేరు, తండ్రి లేక భర్త పేరు, ఊరు, బాప్తిస్మ తేదీ, ఇచ్చినవారు, చివరన "పోయిన చోటు". ఆ చివరి గడిలో పుట తరువాత పుట "రంగూను" అనే ఉండేది. బదిలీ పత్రం ఇచ్చి పంపినవారి పేరు పక్కన చిన్న గీత, పత్రం తీసుకోకుండా పోయినవారికి గీత లేదు. యుద్ధంలో 1942లో జపాను వారు బర్మాను పట్టుకున్నప్పుడు నడిచి వచ్చినవారిలో కొందరి పేర్లు మళ్ళీ కింద కొత్త వరుసలో ఎక్కాయి. ఫలకం తగవు విన్నప్పుడు నాకు తోచింది ఏమంటే, ఒక మనిషిని ఒక సంఘం నుంచి మరొక సంఘానికి పత్రంతో పంపాలంటే ముందు పంపే సంఘం ఉండాలి. మొదటి బదిలీ పత్రం ఇచ్చిన నాటికైనా సంఘం ఉన్నట్టే. ఒడంబడిక మినిట్సు దొరకకపోతే ఆ వైపు నుంచి వెనక్కి వెదకవచ్చు.

కళింగపట్నం:

ఒడంబడిక వాదాన్ని నేను ఒప్పుకుంటాను గాని, అందులో ఒక చిక్కు ఉంది. 1873లో నోవాస్కోషియా మొదలైన సముద్రతీర రాష్ట్రాల బాప్తిస్టులు పంపిన బృందం మొదట వెళ్ళింది సియాముకు. అక్కడ తాము వెదికిన కరెన్ జాతివారు తగినంతమంది కనబడక, 1875లో కాకినాడ చేరి, ఒంటారియో బాప్తిస్టు మిషన్ వారితో పంచుకుని ఉత్తర భాగాన్ని తీసుకున్నారు. శాన్‌ఫర్డ్ భీమిలికి, చర్చిల్ బొబ్బిలికి, ఆర్మ్‌స్ట్రాంగ్ చికాకోలుకు వెళ్ళారు. వారికి దారి వేసిన కాకినాడ పని 1874 మార్చి 12న కెనడా మిషనరీ మెక్లారిన్ వచ్చినప్పుడు మొదలైందని పుస్తకాలలో ఉంటుంది. కాని మెక్లారిన్‌ను పిలిచినది తంతి కార్యాలయంలో ఉద్యోగం చేసిన థామస్ గాబ్రియేలు అనే మన మనిషి. ఆయన అప్పటికే సంఘాన్ని కూడగట్టి, దానిని పోషించడానికి తోళ్ళ వ్యాపారం చేసి అప్పులపాలై, 1875 ఆరంభంలో కన్నుమూశాడు. అక్కడివారు సైతం ఇప్పటికీ దొర తేదీనే పండుగ చేస్తారు.

ఇక మన వైపు చూడండి. ఒంగోలు దగ్గర కరువు దరిమిలా 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. దాదాపు ఆ రోజులలోనే మన చికాకోలు స్టేషన్ మొదలైంది, కాని ఇక్కడ అలాంటి వెల్లువ రాలేదు. ఒక్కొక్కరే, కులం నుంచి వెలిపడి, చెరువు రేవు దగ్గర నీళ్ళు దొరకని పరిస్థితిలో వచ్చారు. ఆ తొలి పిడికెడు మందిలో దక్షిణాది నుంచి జీతం మీద వచ్చిన ఉపదేశకులు, మిషన్ ఇంటి పనివారు ఉంటే, వారు చేసుకున్న ఒడంబడికను ఊరి సంఘం పుట్టుక అందామా, లేక ఊరివాడు ఒక్కడు చేరిన రోజు దాకా ఆగుదామా? నేనైతే ఆగుదామంటాను.

పాత రిజిస్టరు:

ఆగనక్కరలేదు. వలస వచ్చినవాడు సభ్యుడు కాడంటే రంగూన్ మనవడి గారి పుస్తకంలో సగం పేర్లు కొట్టివేయాలి. జీతం తీసుకున్నంత మాత్రాన ఉపదేశకుడి విశ్వాసం ఊరివాడి విశ్వాసం కంటే తక్కువదేమీ కాదు.

నాగావళి గట్టు:

కళింగపట్నం గారి చిక్కు నిజమైనదే. అయినా నేను పాత రిజిస్టరు గారితోనే ఉంటాను, ఎందుకంటే ఆ రోజు లోపలికి తీసుకున్నవారు ఎవరో నిర్ణయించినది ఆ కూడిక, మనం కాదు. బొబ్బిలి చెల్లెమ్మ మాటను మాత్రం అలా వదలలేము. కమిటీకి నా ప్రతిపాదన ఇది: రాయి మీద దొరల పేర్లు వద్దు. "సంఘముగా ఏర్పడినది" అని సంవత్సరం, దాని కింద ఆ నాడు ఒడంబడికలో ఉన్న సభ్యుల పేర్లు, స్త్రీల పేర్లతో సహా, మినిట్సులో ఉన్న వరుసలోనే.

వెదికేవారికి రెండు సూచనలు. చికాకోలు 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేది, శ్రీకాకుళం జిల్లా ఏర్పడినది 1950లో, కాబట్టి పాత దస్తావేజులను విశాఖ పేరుతో వెదికి దొరకలేదనుకోవద్దు. అలాగే మన స్టేషన్ ఒంటారియో బోర్డు కిందిది కాదు గనుక, ఉత్తరం రాయవలసింది ఒంటారియోలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయపు భాండాగారానికి కాదు, నోవాస్కోషియాలోని అకాడియా విశ్వవిద్యాలయానికి. దొరలు ఏటా పంపిన నివేదికలలో ఆ కూడిక ప్రస్తావన ఉండే అవకాశం అక్కడే ఎక్కువ.

టెక్కలి మాస్టారు:

ఉత్తరం ముసాయిదా నేను రాస్తాను, నా ఇంగ్లీషు ఇంకా తుప్పు పట్టలేదు. కాని బాబూ, పేర్ల పైన ఒక పంక్తి చోటు విడిచిపెట్టమని కమిటీకి చెప్పండి. 1836లో డే దొర ఈ ఊరిలో ఉన్నారన్న వాక్యం ఆ రాయి మీద లేకపోతే నా చెయ్యి లేవదు.