ఒడ్డుకు దూరంగా లంగరేసే షిప్పు: టూర్ షిప్పువాళ్ల దగ్గరే తీసుకోవాలా, బయట మాట్లాడుకోవచ్చా?

పటమట, విజయవాడ

అందరికీ నమస్తే. వచ్చే మే నెలలో అమ్మానాన్న, అత్తయ్య, మామయ్య, మేమిద్దరం, పిల్లలిద్దరు కలిసి ఎనిమిది మందిమి గ్రీసులో క్రూయిజ్‌కి వెళ్తున్నాం. ఏథెన్స్ దగ్గరి పిరేయస్ రేవులో ఎక్కడం, సాంటోరిని ద్వీపం, తర్వాత టర్కీలో కుశాదాసి. కుశాదాసిలో షిప్పు జెట్టీకే ఆగుతుందట, ఇబ్బంది లేదు. సాంటోరినిలో మాత్రం దూరంగా లంగరు వేసి, చిన్న బోట్లలో ఒడ్డుకు చేరుస్తారట. టెండర్ అంటున్నారు.

షిప్పువాళ్ల టూర్ మనిషికి 120 డాలర్లు. అక్కడి డ్రైవరు ఒకాయన ఎనిమిది మందికీ కలిపి 400 యూరోలకు వ్యాన్ ఇస్తానన్నాడు. అంటే సుమారు సగం ఖర్చు. మా ఆవిడ వ్యాన్ అంటోంది, మా బావమరిది వద్దేవద్దంటున్నాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

బ్రాడీపేట, గుంటూరు

మీ బావమరిది మాట వినండి. జెట్టీకి ఆగే ఊళ్లలో నేనూ బయటే బుక్ చేస్తాను. టెండర్ ఊళ్ల లెక్క వేరు.

టెండర్‌గా వాడేది చాలాచోట్ల షిప్పుకు వేలాడే లైఫ్‌బోట్లనే. ఒక్కోదాంట్లో 100, 150 మంది పడతారు. 3,000 మంది దిగాలంటే 20, 30 ట్రిప్పులు. సాంటోరినిలో ఊరి పడవలవాళ్లే వచ్చి దింపుతారు, అయినా వరస తప్పదు. ముందు ఎవరు దిగుతారు? షిప్పు టూర్ కొన్నవాళ్లు. తర్వాత పెద్ద గదులవాళ్లు, పాత కస్టమర్లు. మిగతావాళ్లు నంబర్ స్టిక్కర్ చొక్కాకి అంటించుకుని లాంజ్‌లో కూర్చోవాలి. మీ డ్రైవరు 8 గంటలకు బోర్డు పట్టుకుని నిలబడతాడు. మీ నంబరు 10కి పిలిస్తే?

ఇంకో సంగతి. సాంటోరినిలో చాలా షిప్పులు తమ టూర్ వాళ్లను అథినియోస్ రేవులో దించి బస్సులో పైకి తీసుకెళ్తాయి. సొంతంగా దిగేవాళ్లను కొండమీది ఫిరా ఊరి కింద పాత రేవులో వదులుతారు. అక్కడి నుంచి పైకి కేబుల్ కార్ ఎక్కాలి, లేదా 580కి పైగా మెట్లు, లేదా గాడిద. ఒక్కో కేబుల్ కార్ పెట్టెలో ఆరుగురే. మూడు షిప్పులు ఒకేసారి వస్తే ఆ క్యూ చూసి పెద్దవాళ్లు అక్కడే కూలబడతారు. జనం మరీ ఎక్కువైపోయి, 2025 నుంచి రోజుకు 8,000 మంది క్రూయిజ్ ప్రయాణికులకు మించి రాకుండా పరిమితి పెట్టారు. అయినా 8,000 అంటే తక్కువేం కాదు.

గవర్నర్‌పేట, విజయవాడ

బ్రాడీపేట గారూ, మీరు చెప్పిన క్యూ నిజమే. కానీ దిగేటప్పుడు షిప్పు టూర్ వాళ్లు కూడా చాలామంది అదే కేబుల్ కార్ క్యూలో నిలబడతారు. అది చెప్పలేదు మీరు.

మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. రెండేళ్ల క్రితం టెక్సస్‌లోని గాల్వెస్టన్‌ రేవులో షిప్పెక్కి కరీబియన్ ద్వీపం గ్రాండ్ కేమన్ వెళ్లాం. అక్కడ పెద్ద షిప్పులకు జెట్టీ లేదు. కట్టాలా వద్దా అని 2025 ఏప్రిల్‌లో ఓటింగ్ పెడితే జనం వద్దనేశారు, కాబట్టి ఇప్పట్లో టెండర్లు పోవు. మా అమ్మకు 71 ఏళ్లు, చీరలోనే వచ్చింది. షిప్పు పక్క తలుపు దగ్గర బోటు మోకాలెత్తు లేస్తోంది, దిగుతోంది. ఇద్దరు సిబ్బంది ఆమె రెండు మోచేతులూ పట్టుకుని ఆపారు. ఒక అల పోయింది, రెండో అల పోయింది. బోటు అంచు షిప్పు గడపకి సమంగా రాగానే "నౌ" అన్నారు. అమ్మ కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని ఒక్క అడుగు వేసింది. అంతే, బోట్లో ఉంది.

మేం మాట్లాడుకున్న బయటి టూర్‌లో పన్నెండు మందిమే. అమ్మ నడకకు తగ్గట్టు ఆగారు. నాన్నకు షుగర్, ఒంటిగంటకల్లా తినాలి, శాకాహారం దొరికే చోటికి తీసుకెళ్లారు. నలభై మందితో బస్సులో పోతే ఇదంతా ఎవరు పట్టించుకుంటారండీ? షిప్పు టైమింగ్స్ ఆ డ్రైవర్లకు మనకన్నా బాగా తెలుసు. రోజూ వాళ్ల కూడు అదే. భయపెట్టి టూర్లు అమ్ముకోవడం షిప్పువాళ్లకు అలవాటు.

బ్రాడీపేట, గుంటూరు

భయపెట్టడం కాదు. 2024 మార్చిలో ఆఫ్రికా పక్కన సావో టోమే ద్వీపంలో ఏం జరిగిందో చూడండి. బయటి టూర్‌కి వెళ్లిన ఎనిమిది మంది ఆలస్యమయ్యారు. షిప్పు ఇంకా లంగరు మీదే ఉంది. అక్కడి కోస్ట్‌గార్డ్ పడవలో దాని దాకా తీసుకెళ్తే కూడా ఎక్కించుకోలేదు. గాంబియాలో ఎక్కుదామని పరుగెత్తితే, నీటిమట్టం చాలక షిప్పు అక్కడికి రానేలేదు. వాళ్లలో కొందరు చివరికి సెనెగల్‌లో డాకర్ దగ్గర ఎక్కారు. షిప్పు టూర్‌కి వెళ్లి ఆలస్యమైతే ఆగుతుంది. ఆగలేకపోతే వాళ్ల ఖర్చుతోనే మిమ్మల్ని తర్వాతి ఊరికి చేరుస్తారు.

ఇంటర్నెట్‌లో అమెరికావాళ్లు రాసిన సలహాలు చదివి "తప్పితే విమానమెక్కి పక్క ఊరికి పోవచ్చు" అనుకుంటున్నారు చాలామంది. మనది ఇండియన్ పాస్‌పోర్ట్. షిప్పు మీద వెళ్తే కుశాదాసిలో ఒక పగటికి దిగనిస్తారు. అదే సాంటోరినిలో మిగిలిపోయి విమానంలో టర్కీ వెళ్లాలంటే వీసా చూపించాల్సిందే. కొన్ని షిప్పులు పాస్‌పోర్టులు కూడా తమ దగ్గరే పెట్టుకుంటాయి. ఎనిమిది మంది, అందులో నలుగురు పెద్దవాళ్లు, మందులన్నీ గదిలోనే. నాకు అసలు టెన్షన్ అక్కడ. మీరు మిగుల్చుకునే డబ్బు ఆ ఒక్క రాత్రికి చాలదు.

లక్ష్మీపురం, గుంటూరు

నేను విదేశాలకు పోలేదు, ముంబై నుంచి లక్షద్వీప్ వెళ్లొచ్చాను. అగత్తి దగ్గర షిప్పు దూరంగా ఆగి, ఊరి బోట్లలో దింపారు. చుట్టూ పగడపు దిబ్బలు, పెద్ద షిప్పు దగ్గరికి రాలేదు. అక్కడికి వెళ్లాలంటే పర్మిట్ కావాలి కాబట్టి బయటి టూర్ గొడవే లేదు.

బోటు గురించి ఒక్క మాట. 2017 నవంబరులో మన పవిత్ర సంగమం దగ్గర పర్మిషన్ లేని బోటు బోల్తా పడింది, ఎంతోమంది పోయారు. బెజవాడలో అది మర్చిపోయినవాళ్లు ఉండరు. బయటి టూర్‌లో పడవ ప్రయాణం ఉంటే లైసెన్స్ ఉందా, పిల్లల సైజు లైఫ్‌జాకెట్ ఉందా అని ముందే రాసి అడగండి. అగత్తిలో పిల్లల జాకెట్లు తక్కువపడి, మా వాడికి పెద్దవాళ్లది వేశారు. చంకల్లోంచి జారిపోతూనే ఉంది. నేను దారంతా వాణ్ని పట్టుకునే కూర్చున్నాను.

గవర్నర్‌పేట, విజయవాడ

వీసా మాట నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. మేం వెళ్లినప్పుడు మా అమ్మాయి అన్నీ చూసుకుంది.

కానీ అన్ని టెండర్ ఊళ్లూ ఒకటి కాదు. ఫ్రాన్సులో విల్‌ఫ్రాన్ష్ దగ్గరా లంగరే వేస్తారు. బోటు దిగి కాసేపు నడిస్తే రైల్వే స్టేషను, నీస్‌కీ మొనాకోకీ రైళ్లు వస్తూనే ఉంటాయి. అలాంటిచోట షిప్పు టూర్ కొనడం డబ్బు పారేసుకోవడమే. ఊరు రేవు పక్కనే ఉందా, గంటన్నర దూరంలో ఉందా అన్నది చూసుకోవాలి. గాలి ఎక్కువై కెప్టెన్ దింపడం మానేస్తే షిప్పువాళ్లు వాళ్ల టూర్ డబ్బు వాపసు ఇస్తారు. బయటివాడు ఇస్తాడా అన్నది ఈమెయిల్‌లో రాయించుకోవాలి. ఫోన్ టైమ్ కాకుండా షిప్పు టైమే చూసుకోండి. రోజూ గదికి వచ్చే కాగితంలో పోర్ట్ ఏజెంట్ (ఆ ఊళ్లో షిప్పు తరఫున పనులు చూసే మనిషి) నంబరు ఉంటుంది, దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి.

పటమట, విజయవాడ

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి అందరం కూర్చుని చదివాం. డ్రైవరుకి రాశాను: పాత రేవులో వద్దు, పైన ఫిరాలో 11 గంటలకు ఎక్కించుకోవాలి, ఆఖరి టెండర్‌కి మూడు గంటల ముందే కేబుల్ కార్ దగ్గర దింపాలి, షిప్పు రాకపోతే అడ్వాన్స్ వాపసు. మొదటి రెండింటికీ సరేనన్నాడు, అడ్వాన్స్ సంగతి ఇంకా చెప్పలేదు. నాన్న మాత్రం మెట్ల మాట వినగానే, నలుగురు పెద్దవాళ్లం షిప్పు టూర్‌లో బస్సులో వస్తాం, మీరు నలుగురూ వ్యాన్‌లో పొండి అంటున్నారు. అలా విడిపోతే పైన ఎక్కడ కలుసుకోవడం సులువు? ఫిరాలో కేబుల్ కార్ స్టేషన్ దగ్గర కూర్చునే చోటు ఉంటుందా?