సగం ఓటీలే (ఆపరేషన్ థియేటర్లే) నడుస్తుంటే ఎమర్జెన్సీ కాని ఆపరేషన్లలో ముందు ఎవరికి?

జిల్లా_సర్జన్:
కోవిడ్ లాంటిది మళ్లీ వచ్చి నాలుగు ఓటీల్లో రెండే నడుస్తున్నాయనుకోండి. ఐసీయూలో సర్జరీ వాళ్లకు ఒక్క బెడ్డే. లిస్టులో హెర్నియాలు, పిత్తాశయంలో రాళ్లు, రొమ్ము క్యాన్సర్, మోకీలు మార్పిడి అన్నీ ఉన్నాయి. పేరు రాయించుకున్న తేదీ ప్రకారం పోతే గొడవ ఉండదు గానీ, అది న్యాయమేనా? ఏ ఆపరేషన్ ఇప్పుడు చేయాలో, ఏది ఆపాలో మార్కులతో తేల్చే షికాగో యూనివర్సిటీ వాళ్ల మెంట్స్ స్కోరు ఒక్కటే పెట్టుకుంటే సరిపోతుందా?

మత్తు_డాక్టర్:
ఒక్కటే అయితే చాలదు సర్. 2020లో వచ్చిన ఆ స్కోరులో 21 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 21 నుంచి 105 దాకా. మార్కులు పెరిగేకొద్దీ వాయిదా వైపు జరుగుతాం. చిక్కంతా అక్కడే. ఆపరేషన్ మూడు గంటలు దాటితే 5, ఐసీయూ అవసరమైతే మళ్లీ ఎక్కువ, పైన వయసు, షుగరు, గుండె జబ్బు. ప్యాంక్రియాస్ క్యాన్సర్ ఉన్న పెద్దాయన స్కోరు కుర్రాడి హెర్నియా స్కోరును సులువుగా దాటేస్తుంది. 2 వారాలు, 6 వారాలు ఆలస్యమైతే ఏమవుతుందన్నదానికీ మార్కులున్నాయి గానీ, అన్నీ కూడేసరికి వాటి బలం తగ్గిపోతుంది.

అందుకే ముందు గడువు తేల్చండి. బ్రిటన్ సర్జన్ల సంఘాలు 2020లో ఇచ్చిన వర్గాలు పనికొస్తాయి: పీ2 అంటే 4 వారాల్లోపు, పీ3 అంటే 3 నెలల్లోపు, పీ4 ఆ తర్వాతైనా ఫర్వాలేదు. స్కోరును ఒకే వర్గంలో ఉన్నవాళ్లను పోల్చడానికే వాడండి.

ఇంకోటి, కోవిడ్ వచ్చి తగ్గినవాళ్లు. 7 వారాల్లోపు ఆపరేషన్ చేస్తే మరణాల రిస్కు ఎక్కువని కోవిడ్‌సర్జ్ అధ్యయనం 2021లో చూపించింది. మోకీలు ఆగుతుంది. క్యాన్సర్‌కు మాత్రం తొందరగా చేస్తే ఉన్న రిస్కు, ఆగితే ఉన్న రిస్కు, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

యూరో_పీజీ:
జబ్బు పేరు చూసి వర్గం వేయకండి. గజ్జల్లో హెర్నియా నొప్పి లేకపోతే ఆగొచ్చు, తొడ హెర్నియా ఆగదు, పేగు బిగుసుకునే ప్రమాదం ఎక్కువ. పిత్తాశయంలో రాయి ఆగుతుంది, అది నాళంలోకి జారి కామెర్లు వస్తే ఆగదు. ఈఆర్ పాజిటివ్ (ఈస్ట్రోజెన్ హార్మోన్‌కు స్పందించే) రొమ్ము క్యాన్సర్ తొలి దశలో ఉంటే హార్మోన్ మాత్రలతో కొంతకాలం నెట్టుకురావచ్చు. హార్మోన్ మందులకు లొంగని ట్రిపుల్ నెగటివ్ రకానికి ఆ దారి లేదు.

అందరూ మర్చిపోయేది డీజే స్టెంటు, అంటే కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా తాత్కాలికంగా పెట్టే సన్న గొట్టం. తీసేది పది నిమిషాల పని కాబట్టి ప్రతిసారీ వెనక్కి నెడతారు. నెలలు గడిస్తే దాని మీద రాళ్లు పేరుకుని లాగినా రాదు, చిన్న పని కాస్తా పెద్ద ఆపరేషన్ అవుతుంది. స్టెంట్లకు విడిగా రిజిస్టరు పెట్టి, తీయాల్సిన తేదీ ఎర్ర ఇంకుతో రాయండి.

జిల్లా_సర్జన్:
స్కోరూ సమానమైతే? సిఫార్సు ఫోన్ల సంగతి?

ఎథిక్స్_సభ్యుడు:
సమానమైతే రాయించుకున్న తేదీ, అదీ ఒకటే అయితే చీటీ. హోదా, డబ్బు, ఆరోగ్యశ్రీనా సొంత ఖర్చా అన్నవి కమిటీ ముందుకొచ్చే కాగితంలో ఉండకూడదు. సర్జన్, మత్తు డాక్టర్, ఓటీ సిస్టర్, వేరే డిపార్ట్‌మెంట్ నుంచి ఒకరు కూర్చుని, కారణం ఒక్క వాక్యంలో రాసి సంతకం చేయాలి. ఫోన్ చేసినవాళ్లకు ఆ రిజిస్టరు చూపిస్తే చాలు, సగం ఫోన్లు ఆగిపోతాయి.

జాబితా రెండు వారాలకోసారి తిరగరాయాలి, పీ4లో ఉన్నవాళ్లకు కూడా సిస్టర్ ఫోన్ చేయాలి. అడిగేవాళ్లు ఎలాగూ అడుగుతారు. ఫోన్ లేని ఊళ్లవాళ్ల కబురు ఏఎన్ఎం ద్వారా తెప్పించుకోకపోతే వాళ్ల జబ్బు ముదిరిన సంగతే మీకు తెలియదు.