కొయ్య నవ్వింది సరే, ఎందుకు నవ్వింది? (ఈ వారం సమస్య)

నిర్వాహకుడు, చిక్కడపల్లి:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:
"కొట్టువానిఁ జూచి కొయ్య నవ్వె"
దీనికి ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి, వీధి ఆటల మీదో, కొయ్య బొమ్మల మీదో రాయాలి. రాముడి విల్లు, కృష్ణుడి రోలు వద్దు, పోయినసారి రోలు మీదే ఏడు పూరణలొచ్చాయి. కొత్తవాళ్ళకి: 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో కలవాలి, అదే యతి.

సీతాఫల్‌మండి అన్న:
చిర్రాగోనె (గిల్లీదండా) ఆట మీద రాశాను. చిర్ర పొట్టి కర్ర, గోనె పొడుగు కర్ర.
చిన్న గుంత తవ్వి చిర్రను పైఁ బెట్టి,
గోనెతోడ లేపి, గురినిఁ జూచి
పాఱఁ గొట్టె బుడుత, పలుగాట్లు పడినను,
కొట్టువానిఁ జూచి కొయ్య నవ్వె.

నల్లకుంట మాస్టారు:
గణాలూ యతీ సరిపోయాయి. చిక్కు ఆటలోనే ఉంది. గుంత మీద చిర్రను అడ్డంగా పెట్టి గోనెతో చిమ్మేది మొదటి దెబ్బ, అక్కడ గురి చూసేదేం ఉండదు, అవతలివాళ్ళు క్యాచ్ పట్టకుండా దూరం పోతే చాలు. నేల మీదున్న చిర్ర కొసని గోనెతో తట్టి, అది పైకి లేచినప్పుడు గాల్లోనే కొట్టేది ఆ తర్వాతి మాట. మీరు రెండిటినీ కలిపేశారు. ఇంకోటి, గాట్లు పడినా నవ్వింది అన్నారు, ఎందుకు నవ్విందో చెప్పలేదు. సమస్యలో ముడి అదే కదా, అది విప్పకుండా వదిలేస్తే మిగతా మూడు పాదాలూ ఎంత బాగున్నా ముందుమాటలాగే ఉంటాయి.

సీతాఫల్‌మండి అన్న:
ఆట మాట నిజమే మాస్టారూ, ఆడి నలభై ఏళ్ళయింది. చిన్నప్పుడు తుమ్మకొమ్మ తెచ్చి, చిర్రకు రెండు కొసలూ కత్తిపీటతో చెక్కేవాణ్ణి, అమ్మ తిట్టేది. మొన్న మనవడికి నేర్పుదామని అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మొదలుపెట్టాను. మూడో దెబ్బకి చిర్ర ఎవరి కారు అద్దానికో తగిలింది. పగల్లేదు గానీ సెక్రటరీగారు వచ్చి, ఈ వయసులో ఇదేం పని సార్ అన్నారు. పద్యంలో ఆ టెన్షన్ కూడా కలిసిందేమో.

ఆదిలాబాద్ ఆడబిడ్డ, ఇప్పుడు ఉప్పల్:
పొనికి కఱ్ఱఁ దెచ్చి పొందికగాఁ జెక్కి,
చింతగింజ జిగురు చేర్చి రుద్ది,
పెదవిఁ గుంచెతోడఁ బిసరంత వంచఁగా
కొట్టువానిఁ జూచి కొయ్య నవ్వె.
మాది నిర్మల్ దగ్గర ఊరు. నకాషీల (కొయ్యబొమ్మలు చేసేవాళ్ళ) ఇళ్ళల్లో చూసిందే రాశాను.

సీతాఫల్‌మండి అన్న:
అక్కా, పద్యం ముద్దుగా ఉంది. కానీ మూడో పాదానికి వచ్చేసరికి ఆయన చేతిలో కుంచె ఉంది, మరి కొట్టేదెవరు?

ఆదిలాబాద్ ఆడబిడ్డ:
"కొట్టువాడు" తద్ధర్మార్థకం అన్నా, మూడు కాలాలకూ చెల్లుతుంది. పొద్దంతా ఉలి మీద సుత్తితో కొట్టేవాడు సాయంత్రం కుంచె పట్టినా కొట్టువాడే. పెదవి వంపు తిరిగేది చివర్లోనే, అందుకే కొయ్య అప్పుడు నవ్వింది.

నల్లకుంట మాస్టారు:
నేనొప్పుకుంటాను. నవ్వుకి కారణం పెదవి వంపులోనే ఉంది, వేరే చెప్పక్కర్లేదు. చింతగింజ జిగురు రావడం ఇంకా బాగుంది, చూసినవాళ్ళకి గానీ ఆ మాట తట్టదు.

మియాపూర్ కొత్త సభ్యుడు:
మొదటిసారి రాస్తున్నా, తప్పులుంటే తిట్టకండి.
గిరిని గీసి లోన బొంగరమును బెట్టి,
బొంగరాలఁ బూని బుడుతలెల్ల
మేకు దింప, నదియె మేటి గుర్తనుచును,
కొట్టువానిఁ జూచి కొయ్య నవ్వె.
మావాడికి శిల్పారామంలో లక్క పూసిన బొంగరం కొన్నాను, ఏటికొప్పాకదట, ఎరుపు పసుపు చారలతో భలే ఉంది. మా పాత బొంగరం తీసి దాని మీద ఒక్క పోటు వేసి చూపించాను, రూపాయి బిళ్ళంత లక్క పెచ్చు లేచింది. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నల్లకుంట మాస్టారు:
అది అలమారలో పెట్టుకునే బొంగరం తమ్ముడూ, మేకు పోటు తినేది కాదు. పద్యానికొస్తే, మొదటి పాదంలో గణాలు సరే, యతి తప్పింది, గి-కి బొ కుదరదు, ప్రాసయతీ (రెండో అక్షరాల పొంతన) లేదు. "గిరిని గీసి లోన గెలువని దానుంచి" అనండి. ఓడిన బొంగరాన్నే కదా గిరిలో పెట్టేది, అర్థం కూడా బిగుస్తుంది, బొంగరం అన్న మాట రెండుసార్లు రాదు. మూడో పాదం మాత్రం ముట్టుకోను. గాటునే పతకంలా చూపించుకునే కొయ్య, అదీ నవ్వంటే! (అనుచును చివరి ను ద్రుతం, దాని వల్ల తర్వాతి కొ గొ అయి "గొట్టువాని" అవ్వాలని ఎవరైనా పట్టుబడితే, అక్కడ కామా ఉందని చెప్పండి.)

కాచిగూడ కొంటెకోణంగి:
గోడ దూఁకి యాడి కొడు కింటి కేతేరఁ
దండ్రి యదియె గోనెఁ దాల్చి బాదె;
నిన్నదాఁక నాకు, నేఁ డిదే నీ కని
కొట్టువానిఁ జూచి కొయ్య నవ్వె.
నవ్వింది చిర్ర. మూలన పడి చూస్తోంది.

ఆదిలాబాద్ ఆడబిడ్డ:
అయ్యో, పిల్లాడు! ఇంతకీ కొట్టువాడు ఎవరు, కొడుకా తండ్రా?

కాచిగూడ కొంటెకోణంగి:
కొడుకే అక్కా. రోజంతా చిర్రను కొట్టినవాడు. ఇది సొంత అనుభవం, వీపు మీద సాక్ష్యం ఉండేది.

నిర్వాహకుడు, చిక్కడపల్లి:
నా ఓటు కొంటెకోణంగికి, అరమార్కు తేడాతో తర్వాతి చోటు ఆడబిడ్డకి. మియాపూర్ తమ్ముడు సరిచేసిన పద్యం మళ్ళీ పెట్టాలి. ఫోన్‌లో అరసున్న టైప్ చేయడం ఎలా అని నన్నడగొద్దు, నాకూ రాదు, ఎక్కడినుంచో కాపీ చేసుకుంటాను.
వచ్చేవారం సమస్య: "త్రాడు చుట్టి విసరఁ దల్లి మెచ్చె". బొంగరం అని రాస్తే తీసేస్తాను.